అతిథుల వరసలో కెనిత్రా

మా హాల్‌సీ బెండ్‌లో పుట్టి పైకొచ్చినవాళ్ళు చాలామందే ఉన్నారు. సైన్యంలో సార్జెంటు అయినవాడున్నాడు. మెంఫిస్‌లో పెద్ద నర్సు అయిన పిల్ల ఉంది. గవర్నరు గారి కారు తోలినవాడూ ఉన్నాడు, ఆ సంగతి వాడు చెప్పుకోని రోజు లేదు. కానీ జాక్సన్‌లో ఫుట్‌బాల్ ఆట మధ్య విరామంలో కాలేజీ బ్యాండువాళ్ళు వందకు పైగా ఇత్తడి బూరలెత్తి వాయించిన పాట మాత్రం మా ఊళ్ళో ఒక్కరిదే. నా చెల్లెలు లూడీ మనవరాలు కెనిత్రా మల్‌డ్రోది. ఆ రోజు నేను మైదానం మెట్ల మీద కూర్చుని నా రెండు చెవులతో విన్నాను. పక్కన కూర్చున్న ముక్కూ మొహం తెలియని ఆయన భుజం మీద చరిచి, ఆ పిల్ల నా చేతుల్లో పెరిగిందని చెప్పాను. ఆయన లేచి నిలబడి నాతో కరచాలనం చేశాడు.

అందుకని ఆ పిల్ల కథ చెప్పడానికి ఈ కౌంటీలో నాకంటే తగినవాడు లేడు. నా పేరు ఆర్థెల్ మల్‌డ్రో. చర్చి వెనక గదిలో మిస్ యూలా దగ్గర ఏడో తరగతి దాకా చదివాను, మిగతా చదువంతా జెల్లచేపల చెరువుల్లో నడుంలోతు నీళ్ళలో నిలబడి వల లాగుతూ చదివాను. మౌంట్ నీబో చర్చిలో డీకన్‌ని, అంటే సంఘపెద్దని. నా నోట అబద్ధం రాదు. కాస్త గొప్ప చెప్పుకోవడం వస్తుంది, అది వేరు.

కెనిత్రా తల్లిది రాత్రి షిఫ్టు, పగలంతా నిద్ర. పిల్ల లూడీ దగ్గరే పెరిగింది. మాటలు తొందరగా వచ్చాయి. వచ్చినవి ఆగలేదు. చర్చిలో పాస్టరు గారు ప్రసంగం చెబుతుంటే ప్రతి మాటకీ పక్కన ప్రాస కుదిరే ఇంకో మాట అతికించేది. లూడీ తొడ మీద గిల్లేది. గిల్లితే కాసేపు ఆగేది, ఆ గిల్లిన సంగతి మీద మళ్ళీ ఏదో కట్టేది.

ఆ నోటికి మొదట మైకు ఇచ్చింది మిస్ వెర్నెల్ టోల్స్. వెర్నెల్ బడి బస్సు తోలేది. పెద్ద మనిషి, పెద్ద గొంతు. బస్సులో అల్లరి చేసినవాణ్ణి ఎక్కడికక్కడ దింపేసి పక్కనే నడిపిస్తూ బస్సు తోలిన మనిషి. అలాంటి ఆవిడ కూడా కెనిత్రా నోరు మూయించలేకపోయింది. నోరు మూయడం చేతకాకపోతే పనికొచ్చేట్టు తెరువమని చెప్పి, బస్సు ముందు వేలాడే మైకు చేతికిచ్చి, ఏ ఊరొస్తే ఆ ఊరి పేరు పిలవమంది. ఇక చూడండి. మూన్ క్రాసింగ్ వస్తే మూన్ క్రాసింగ్ పిల్లల మీద ఓ చరణం. రెడ్ గేట్ వస్తే రెడ్ గేట్ మీద ఓ చరణం. దిగాల్సిన పిల్లలు తమ చరణం పూర్తయ్యేదాకా దిగేవాళ్ళు కాదు. బస్సు ఆలస్యమైందని బళ్ళో ఫిర్యాదు కూడా వెళ్ళింది. వెర్నెల్ దారిలో ఆవులు అడ్డొచ్చాయని చెప్పింది. అందర్నీ దింపేసి బస్సు మా బెండ్‌కి వచ్చి వెర్నెల్ వాకిట్లో ఆగేసరికి అందులో మిగిలేది వాళ్ళిద్దరే.

లూడీ ఆ పిల్లకి పెట్టిన షరతు ఒకటే. భోజనాల బల్ల దగ్గర అనలేని మాట మైకులోనూ అనకూడదు. కెనిత్రా ఆ షరతు ఈనాటిదాకా తప్పలేదు. తక్కిన ర్యాప్ పాటగాళ్ళు ఎగతాళి చేశారు, ఆదివారం బడి పాటలన్నారు. కాలేజీ బ్యాండువాళ్ళు ఎవరి పాట ఎత్తుకున్నారో పైన చెప్పాను కదా.

చదువయ్యాక అందరిలాగే చేపల ఫ్యాక్టరీలో చేరింది. తెల్ల రబ్బరు బూట్లు, జుట్టుకి వలటోపీ, చేతిలో సన్నకత్తి. బెల్టు మీద చేపలు వస్తూనే ఉంటాయి, ఆడవాళ్ళు బారుగా నిలబడి కోస్తూనే ఉంటారు. మనిషి మాట మనిషికి వినపడనంత మోత. మరొకరైతే ఆ మోతకి చెవుల్లో దూది పెట్టుకునేవాళ్ళు. కెనిత్రా దాన్నే తాళం చేసుకుంది. పక్కన నిలబడ్డావిడ మొగుడు అలిగి వెళ్ళిపోయాడంటే వాడి మీద పాట, ఎవరిదో కారు కదలనంటే దాని మీద పాట. షిఫ్టు దిగి బయటికొచ్చే ఆడవాళ్ళకి వేళ్ళు వంగేవి కాదు, మొహాలు మాత్రం నవ్వుతుండేవి. వాళ్ళే దానికి మొదటి అభిమానులు. ఇప్పటికీ ఎక్కడ పాడినా ముందు వరసలో వాళ్ళకి కుర్చీలు వేయించాకే మైకు పట్టుకుంటుంది.

దాని రంగస్థలం పేరు ఎలా వచ్చిందో కూడా చెప్పాలి. మెంఫిస్‌లో పాటల పోటీకి షిఫ్టు దిగి సరాసరి వెళ్ళింది. అక్కడ పేర్లు పిలిచే కుర్రాడు ముక్కు మూసుకుని, ఎవరో క్యాట్‌ఫిష్, అదే జెల్లచేప, పట్టుకొచ్చారని మైకులో అన్నాడట. జనం గొల్లుమన్నారు. కెనిత్రా మైకు లాక్కుని, "వాసనకే నోరూరిందా తమ్ముడూ? బల్ల దగ్గర కూర్చో, ముళ్ళు తీసి పెడతాను," అంది. ఆ తర్వాత పాట మొదలుపెట్టింది. ఆ రోజు నుంచి క్యాట్‌ఫిష్ కెని. బహుమతి కూడా తనదే.

సీడీలు అచ్చు వేయించి పాత కారు డిక్కీలో పెట్టుకుని తిరిగేది. కార్లు కడిగేచోట, మంగలి షాపులో, జడలల్లే షాపులో, బేస్‌బాల్ మైదానం దగ్గర, ఎక్కడ నలుగురు నిలబడితే అక్కడ డిక్కీ తెరిచేది. దాని తరఫున బెండ్ మొత్తం అమ్మింది. వెర్నెల్ బస్సు అద్దం కింద బొత్తి పెట్టుకుని పంతుళ్ళకి అమ్మింది. నేను డీకన్‌ని కనక చర్చి ఆవరణలో అమ్మలేదు. గేటు దాటి రోడ్డు మీద నిలబడి అమ్మాను.

అలా పేరొచ్చాక మెంఫిస్‌లో మార్లో అనేవాడు పిలిచాడు. టైర్ల షాపు వెనక గదిలో రికార్డింగులు చేసేవాడు. మంచివాడే, కానీ ఎప్పుడూ తొందర. కూర్చున్న జనాన్ని లేపి నిలబెట్టే పాట ఒకటి కావాలన్నాడు. మా వైపు పాటగాడు ఎక్కడ నిలబడ్డా ముందు ఊళ్ళ పేర్లు పిలుస్తాడు. తన ఊరి పేరు వినపడితే మా జనానికి కాళ్ళు ఆగవు. వినపడకపోతే ఎవడు పాడుతున్నాడో కూడా చూడరు. కెనిత్రా చిన్నప్పటి బస్సు చరణాలే తీసి, సానపట్టి, "ఎవరెవరొచ్చారు" అని పాట కట్టింది.

మూన్ క్రాసింగ్, మోగించు డప్పు
రెడ్ గేటోళ్ళూ, గొంతులు విప్పు
నైట్ లేకోళ్ళకి నిద్దరే తప్పు
నేనొచ్చానని మీవాళ్ళకి చెప్పు

అలా సాగుతుంది. రేడియోవాళ్ళు పొద్దున వేశారు, మధ్యాహ్నం వేశారు, జనం ఫోన్లు చేస్తే మళ్ళీ వేశారు. రెడ్ గేట్‌లో పెళ్ళి ఊరేగింపులో వేశారు. నైట్ లేక్‌లో ఒక ముసలాయన తను పోయాక సమాధి దగ్గర అదే వెయ్యాలని చెప్పి పెట్టుకున్నాడు.

మా బెండ్‌లో దాన్ని అందరం కలిసి వినాలని వెర్నెల్ వాకిట్లో చేరాం. ఆవిడ కొడుకు డాంట్రెల్ కారు నాలుగు తలుపులూ తెరిచి సీడీ వేశాడు. ఒక్కో ఊరూ వస్తోంది. వచ్చిన ఊరల్లా మేం చప్పట్లు కొడుతున్నాం, మన వంతు వస్తోందని ఒకరినొకరు మోచేత్తో పొడుచుకుంటున్నాం. పిల్లల్ని ముందుకి తోశాం. పాట అయిపోయింది.

మళ్ళీ వెయ్యమంది వెర్నెల్. డాంట్రెల్ మళ్ళీ వేశాడు. మా పేరు లేదు. కౌంటీలో ఉన్న ప్రతి ఊరూ ఉంది, నాలుగిళ్ళ బ్లూ టాప్ కూడా ఉంది. హాల్‌సీ బెండ్ లేదు.

వెర్నెల్ పాట బావుందని చెప్పి లోపలికి వెళ్ళి జాలీ తలుపు వేసుకుంది. ఏ పాట విన్నా పదిమాటలు తిట్టి గానీ మెచ్చుకోని మనిషి. అలాంటి మనిషి బావుందని ఊరుకునేసరికి డాంట్రెల్ కారు తలుపులు ఒక్కొక్కటే మూసేశాడు.

మెంఫిస్ మనుషుల ముందు మా పేరెత్తడానికి దానికి నామోషీ అనిపించిందని ఊరు తీర్మానించేసింది. మావాళ్ళు ఎవరి మీద కోపమొచ్చినా అరవరు, కొట్లాడరు. మర్యాద చేస్తారు. ఆ ఆదివారం కెనిత్రా ఇంటికొచ్చింది. చర్చిలో ముందు బల్ల దులిపి కూర్చోబెట్టారు. భోజనాల దగ్గర మంచి కుర్చీ వేశారు. షర్బతు గ్లాసు కింద సాసరు పెట్టారు. పాత్రలు తోమడానికి లేస్తే, మీరు కూర్చోండి మిస్ మల్‌డ్రో, మీకెందుకు శ్రమ, అన్నారు. చిన్నప్పుడు దాని జడలు అల్లిన చేతులు, ఆ రోజు దాని కోటు అందుకుని జాగ్రత్తగా కొక్కేనికి తగిలించాయి.

సాయంత్రం నా వరండాలోకొచ్చి మెట్టు మీద కూలబడింది. కళ్ళు తుడుచుకుంటోంది.

"తాతా, నన్నెవరూ తిట్టడం లేదు," అంది.

ఎలా మర్చిపోయావే అని అడిగాను. మర్చిపోలేదంది. ఆ పాట రాస్తున్నంతసేపూ తను బస్సులోనే ఉందట. ఒక్కో ఊరినీ పిలిచి దింపుకుంటూ వచ్చిందట. "అందర్నీ దింపేశాక ఇంటికొచ్చేసినట్టే కదా తాతా. ఇంట్లోవాళ్ళని ఎవరైనా పిలుస్తారా?" అంది.

నాకైతే ఆ మాట నిండుగా అర్థమైంది. ఇదే వెళ్ళి వెర్నెల్‌కి చెప్పమన్నాను. వెళ్ళి చెప్పింది. వెర్నెల్ జాలీ తలుపు అవతలే నిలబడి అంతా విని, ఇంత దూరం శ్రమపడి వచ్చినందుకు సంతోషమని చెప్పి పంపించింది.

అప్పుడే జాక్సన్ నుంచి కబురొచ్చింది. ఆగస్టు మొదటి శనివారం ఎగ్జిబిషన్ మైదానంలో పెద్ద కచేరీ, రాష్ట్రం నలుమూలల నుంచీ పాటగాళ్ళు, అందులో క్యాట్‌ఫిష్ కెని కూడా. అంత పెద్ద జనం ముందు అదెప్పుడూ పాడలేదు. అలాంటి చోటికి మా పాటగాళ్ళెవరూ ఒంటరిగా వెళ్ళరు. ఊరిని వెంటేసుకుని వెళ్తారు. స్టేజీ మీద వెనక నిలబడటానికి అన్నదమ్ములు, మేనమామలు, వీధిలోవాళ్ళు ఉండాలి. వెనక మనిషి లేకుండా నిలబడ్డవాణ్ణి చూసి జనం, వీణ్ణి ఇంట్లోవాళ్ళే నమ్మలేదు, మనమెందుకు వినాలి అనుకుంటారు. కెనిత్రాకి ఇప్పుడు కావలసింది ఒకటే. బెండ్ తన వెనక నిలబడాలి. బెండ్ ఏమో దానికి కుర్చీ వేసి కూర్చోబెడుతోంది.

మార్లో రెండు ఉపాయాలు చెప్పాడు. మెంఫిస్ నుంచి కండలున్న కుర్రాళ్ళని ఒకే రంగు చొక్కాలేసి పంపిస్తానన్నాడు. అద్దె జనంతో నిలబడనంది కెనిత్రా. అయితే పాటలో బెండ్ పేరు అతికించి కొత్త సీడీ చేద్దామన్నాడు. దానికి ఒప్పుకుంది. చేయించి, తీసుకొచ్చి, వెర్నెల్ చేతికిచ్చింది. వెర్నెల్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి తిరిగి ఇచ్చేసింది.

"చిరుగు పడ్డచోట మాసిక వేస్తారండీ. మా ఊరు చిరుగు కాదు," అంది.

జూలై ఆఖరి శనివారం మాకు బెండ్ డే. బయట ఊళ్ళకి వెళ్ళినవాళ్ళు వస్తారు, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు గుర్రాల మీదా కార్ల మీదా వస్తారు. చర్చి పక్క మైదానంలో పెద్ద బాణళ్ళు పెట్టి మొక్కజొన్న పిండిలో పొర్లించిన జెల్లచేపలు వేయిస్తాం. పక్కన స్పగెట్టి, క్యాబేజీ కూర, బ్రెడ్డు. ముందు అతిథులకి వడ్డిస్తాం. వాళ్ళందరూ తిని లేచాక బెండ్ వాళ్ళం తింటాం, మిగిలినవి. ముక్కలు మిగలకపోతే తోకలు, తోకలూ మిగలకపోతే బాణలి అడుగున పడ్డ కరకరలు. బెండ్‌లో పుట్టినవాడు ఎంత పెద్దవాడైనా అతిథుల బల్ల మీద చెయ్యి వెయ్యడు. గవర్నరు కారు తోలినవాడు కూడా కళాయి పక్కన నిలబడే తింటాడు.

కెనిత్రా వచ్చింది. పెద్ద సంచి మోసుకొచ్చింది, అందులో అందరికీ మిఠాయిలు. సంచి అందుకున్నారు, కృతజ్ఞతలు చెప్పారు. వెర్నెల్ బాణలి దగ్గరి నుంచి తనే కదిలి వచ్చి, చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి అతిథుల బల్ల దగ్గర కూర్చోబెట్టింది. ఒక పక్క గ్రీన్‌వుడ్ నుంచి వచ్చిన పాస్టరు గారు. ఇంకో పక్క కౌంటీ పెద్దమనిషి. మొదటి ప్లేటు, తెల్లటి ముక్కలు, నడిమి భాగం, ఒక్క ముల్లు లేనివి, కెనిత్రా ముందు పెట్టింది. పక్కన మడత పెట్టిన కాగితం రుమాలు.

"మొహమాటపడకుండా తినండి," అంది వెర్నెల్. "ఇంతకీ మీదే ఊరండీ?"

బాణళ్ళ దగ్గరున్నవాళ్ళు మెడలు చాచారు. పాస్టరు గారికి సంగతేమీ తెలియదు పాపం, తనకీ తెలుసుకోవాలనున్నట్టు చిరునవ్వుతో అటు తిరిగాడు.

కెనిత్రా ఫోర్కు కింద పెట్టి లేచి నిలబడింది. నవ్వేసి తప్పించుకోవచ్చు. తప్పించుకోలేదు.

"ఈ ఊరేనమ్మా."

"అలాగా. ఎవరి తాలూకు?"

"లూడీ మల్‌డ్రో మనవరాలిని. కాలువ గట్టు పక్కన ఆకుపచ్చ రేకుల ఇల్లు."

"ఆకుపచ్చ రేకులు చాలామంది వేయించారండీ."

"మా వాకిట్లో పాడైన ఫ్రిజ్ పడుకోబెట్టి ఉంటుంది. దాన్నిండా మట్టి పోసి గాలాలకి వానపాములు పెంచేవాళ్ళం."

"జ్ఞాపకం రావట్లేదు."

"మీ బస్సు ముందు సీట్లో ఉడకేసిన వేరుశనక్కాయలన్నీ కక్కింది నేనే."

ఎవరో వెనక కిసుక్కుమన్నారు. వెర్నెల్ మొహం కదల్లేదు. "కక్కినవాళ్ళు చాలామంది ఉన్నారు," అంది.

"మీ డాంట్రెల్ ముక్కు పగలగొట్టాను."

"పగల్లేదు, వాచిందంతే," అన్నాడు డాంట్రెల్ కళాయి దగ్గరి నుంచి. దాంతో మైదానమంతా నవ్వింది. కౌంటీ పెద్దమనిషి కూడా నవ్వాడు. వెర్నెల్ మాత్రం చేతులు కట్టుకుని అలాగే నిలబడింది.

కెనిత్రా వెర్నెల్‌కి ఒక అడుగు దగ్గరికి జరిగింది. తర్వాత మెల్లగా చెప్పింది, మైకు పట్టుకుని లోకాన్ని లేపే పిల్ల, పక్కవాళ్ళకి వినపడేంత గొంతుతో.

"సొంతవాళ్ళే ఎదుట నిలబడి నువ్వెవరని అడిగితే ఎంత నొప్పో నాకు తెలియదు మిస్ వెర్నెల్. ఇప్పుడు మీరడిగాక తెలిసింది. పిలవకపోవడం నా తప్పే. నేను ఇంట్లో ఉన్నాననుకున్నాను, మీరేమో వాకిట్లో నిలబడి ఎదురు చూస్తున్నారు."

ఆ ప్లేటు ముట్టుకోలేదు. అలాగే చేతుల్లోకి తీసుకుని, వరసలో నిలబడ్డ ఒక రెడ్ గేట్ ముసలాయన దగ్గరికి వెళ్ళి ఆయన చేతిలో పెట్టింది. తినండి బాబాయ్, చల్లారకముందే, అంది. ఆ తర్వాత తిన్నగా నడుచుకుంటూ బల్ల ఇవతలికొచ్చి, కాగుతున్న బాణలి పక్కన, వేయించాల్సిన ముక్కల ముందు నిలబడింది. ఎవరూ పిలవలేదు. ఎవరూ ఆపలేదు. అందరం వెర్నెల్ వైపే చూస్తున్నాం.

వెర్నెల్ వచ్చింది. ఆ పిల్లని తల నుంచి కాళ్ళ దాకా చూసింది. చివరికి చూపు దాని గోళ్ళ మీద ఆగింది. కచేరీ కోసం పెట్టించుకున్న గోళ్ళు, ఒక్కోటి నా బొటనవేలంత పొడుగు, బంగారు రంగు.

"ఏమే, ఆ గోళ్ళేసుకుని నా పిండిలో చెయ్యి పెడతావా?" అంది. "విరిచి పొయ్యిలో వేస్తాను. పోయి చేతులు కడుక్కో. సబ్బుతో."

కెనిత్రా పరిగెత్తింది. పంపు దగ్గర చేతులు కడుక్కుంటూ ఏడ్చింది, ఏడుస్తూ నవ్వింది. గోళ్ళు ఒక్కొక్కటే పీకేసి జేబులో వేసుకుంది. తిరిగొచ్చాక వెర్నెల్ తిట్టిన తిట్లు నేనిక్కడ రాయను. పిండి పల్చగా పట్టించిందని తిట్టింది, ముక్క తొందరగా తిప్పిందని తిట్టింది, సన్నబడిందని తిట్టింది, జుట్టుకి ఆ రంగేమిటని తిట్టింది. దాచి పెట్టుకున్న తిట్లన్నీ ఒక్కటొక్కటే తీసి ఇచ్చింది. కెనిత్రా ప్రతిదానికీ, అవునమ్మా, అంటూ వేయించింది.

అతిథులందరూ తిని లేచాక మేం తిన్నాం. ఆ ఏడు జనం ఎక్కువ, ముక్కలు మిగల్లేదు. కెనిత్రా కళాయి పక్కన నిలబడి నాలుగు తోకలూ, బాణలి అడుగున కరకరలూ తింది. చెయ్యి తుడుచుకుంటూ వెర్నెల్, శనివారం జాక్సన్‌కి ఎన్నింటికి బయల్దేరాలో అడిగింది.

జాక్సన్ సంగతి చెప్పేముందు ఆ తర్వాత వచ్చినవి చెప్పేస్తాను, లేకపోతే ఆ ఆనందంలో మర్చిపోతాను. బ్యాండు సంగతి చెప్పాను. మేయరు గారు పట్టణం తాళంచెవి ఇచ్చారు, అది ఏ తలుపుకీ పట్టదు, అయినా లూడీ గోడకి తగిలించుకుంది. మూడు సీడీలు వచ్చాయి. షార్లెట్‌లో పాడింది, హ్యూస్టన్‌లో పాడింది, ఒకసారి విమానమెక్కి జర్మనీ దాకా వెళ్ళి పాడి, అక్కడి చేప బాగాలేదని చెప్పింది. ఫ్యాక్టరీలో తనతో నిలబడ్డ ఆడవాళ్ళ చేతులకి వైద్యం చేయించడానికి ప్రతి ఏడూ ఉచితంగా ఒక కచేరీ చేస్తుంది. మా బడి పిల్లలకి వారానికోసారి ర్యాప్ పాట కట్టడం నేర్పుతుంది, భోజనాల బల్ల షరతుతో సహా. ఆ పాట మాత్రం మొదట ఎలా కట్టిందో అలాగే ఉంది. మార్లో చేసిన అతుకు సీడీ ఎక్కడుందో నాకు తెలియదు, ఎవరూ అడగరు.

ఇక జాక్సన్. చర్చి బస్సు నిండింది, వెనక కార్లు. మధ్యాహ్నం ఎండ మండుతోంది. తక్కిన పాటగాళ్ళ వెనక చొక్కాలు విప్పిన కుర్రాళ్ళు, మెళ్ళో గొలుసులు. మా పిల్ల వెనక మేం. వెర్నెల్ తెల్ల గౌను, తెల్ల గ్లవ్సు వేసుకుంది. ముసలమ్మల చేతుల్లో విసనకర్రలు. డాంట్రెల్ ఏప్రను విప్పడం మర్చిపోయాడు. నేను డీకన్ సూటులో ఉన్నాను. మార్లో మమ్మల్ని చూసి తల పట్టుకున్నాడు. ఇంతమంది వచ్చారు కదా, మరి పాటలో ఈ ఊరి పేరెందుకు లేదని నలుగురూ అడిగితే ఏం చెప్పాలన్నాడు.

"మమ్మల్ని పిలిచేదేమిటి? మేం ఇంట్లోవాళ్ళం," అంది వెర్నెల్.

స్టేజీ ఎక్కాం. కింద చూస్తే జనం, ఎటు చూసినా జనం. నేను సూటు బొత్తాలు పెట్టుకున్నాను. కెనిత్రా మైకు పట్టుకుని పాట మొదలుపెడుతుందనుకుంటే, వెనక్కి తిరిగి నా దగ్గరికొచ్చి మైకు నా చేతిలో పెట్టింది. తాతా, ముందు నువ్వు దేవుడికి చెప్పు, అంది.

యాభై ఏళ్ళుగా మౌంట్ నీబోలో ప్రార్థన చేస్తున్నవాణ్ణి. అంతమంది ముందు ఎన్నడూ చెయ్యలేదు. తలలు వంచమన్నాను. చూడండి, ఆ కుర్రాళ్ళు, ఆ గొలుసులవాళ్ళు, ఒక్కొక్కరే టోపీలు తీసి గుండెల మీద పెట్టుకున్నారు. ఎండలో అన్ని వేల తలలు వంగాయి. నేను దేవుణ్ణి ఏమీ అడగలేదు. ఇచ్చినవాటికే కృతజ్ఞతలు చెప్పాను. ఈ పిల్ల గొంతుకి, ఆ గొంతుకి మైకు ఇచ్చిన చేతికి, దాన్ని గిల్లిన నా చెల్లెలి చేతికి, దాని పక్కన చేపలు కోసిన చేతులకి, తిట్టడానికి మనసొప్పిన మనుషులకి. నాకు ఈ రోజు చూసే వయసిచ్చినందుకు. ఆమెన్ అన్నాను. మైదానమంతా ఆమెన్ అంది.

మైకు తిరిగి ఇచ్చేశాను. కెనిత్రా అందుకుంది. వెర్నెల్ వెనక నుంచి దాని చొక్కా అంచు కిందికి లాగి సరిచేసింది. డ్రమ్ము మోగింది.